మా తోడికోడలి మెడలో తామర

మా తోడికోడలు మాట్లాడుతుంటే వెండి కూడా చెవొగ్గి వింటుందని మా కొట్టుకొచ్చేవాళ్లు అంటారు. వెండి సంగతి నన్నడగండి. ఇరవై ఐదేళ్లుగా దాన్ని కాలుస్తున్నాను, సాగదీస్తున్నాను, కోస్తున్నాను. అది ఎవరి మాటా వినే రకం కాదు. చెవొగ్గి వినేది నేను. తెర వెనకాల, చేతిలో ఉలి ఆపేసి, ఊపిరి బిగబట్టి మరీ వింటాను. విని ఒళ్లు మండించుకుంటాను.

ముందే చెప్పేస్తున్నాను, తనంటే నాకు అసూయ. చెబుతున్నది తన కథ కాబట్టి, ఎక్కడైనా తనని తక్కువ చేసినట్టు కనిపిస్తే అది నా కడుపుమంట అనుకుని సర్దుకుపొండి.

మా కొట్టు ఇరుకు. వీధివైపు గాజు బల్ల, దాని వెనక తను. మధ్యలో ఒక పాత తెర. తెర ఇవతల కిటికీ పక్కన నా పీట, కుంపటి, ఊదుగొట్టం, ఉలులు. రెండింటికీ మధ్య, తెర పక్కన ఎత్తు స్టూలు మీద మా అత్తయ్య. అక్కణ్ణుంచి ఆవిడకి మేమిద్దరం కనిపిస్తాం, మేం ఒకరికొకరం కనిపించం. మా ఆయన వెనక గదిలో వెండి కరిగించి రేకు తీస్తాడు. మరిది ఊరంతా తిరిగి ఆర్డర్లు తెస్తాడు. వాళ్లిద్దరూ ఈ కథలోకి రారు, వచ్చినా ఏం చేయాలో వాళ్లకి తెలీదు.

మేం చేసేవి మెడలో వేసుకునే వెండి బిళ్లలు. ఒట్టి బిళ్లలు కావు, ఒక్కోదాని మీద ఒక్కో గుర్తు. తామర, శంఖం, చక్రం, దీపం, చెట్టు, తెరిచిన అరచెయ్యి, కన్ను, ముడి. దేవుణ్ణి నమ్మేవాళ్లు కొంటారు, నమ్మకం సడలినవాళ్లు కొంటారు. ఏం నమ్మాలో తెలియనివాళ్లు అందరికంటే ఎక్కువ కొంటారు. వాటిని చెక్కేది నేను. వాటి అర్థం చెప్పేది తను.

ఒకసారి ఒక బస్సు డ్రైవరు చక్రం కావాలని వచ్చాడు. ఎనిమిది ఆకుల చక్రం, ప్రతి ఆకూ ఒకే మందంలో రావాలని మూడు రోజులు కళ్లు పొడుచుకుని చెక్కాను. అతను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు తను ఆ బిళ్లని అరచేతిలో పెట్టి, "చూడన్నయ్యా, చక్రం అంతా తిరుగుతుంది కానీ నడిమధ్యన ఈ చుక్క మాత్రం కదలదు. నువ్వు ఎన్ని వందల మైళ్లు తిరిగినా ఇంటి దగ్గర నీకోసం కదలకుండా కూర్చునేవాళ్లు ఉంటారే, ఆ చుక్క వాళ్లన్నమాట" అంది. అంత లావు మనిషీ కళ్లు తుడుచుకున్నాడు. వారం తిరక్కుండా భార్యని తీసుకొచ్చి మా చిన్నదానికి, అదే మా తోడికోడలికి, పరిచయం చేశాడు. ఆ చుక్క నేను పెట్టింది కంపాసు ముల్లు జారి. అది దెబ్బ. దాన్ని కప్పెట్టడానికి గుండ్రంగా చేశాను.

ఇంకోసారి దీపం బిళ్ల కొనుక్కున్న ఒక నర్సు సంచీ నిండా కమలాపళ్లు తెచ్చి తన చేతిలో పెట్టింది. "మీరు చెప్పిన మాట నా డ్యూటీ అంతా తోడుంటుందండీ" అంది. తను వెంటనే సంచీ పట్టుకుని తెర ఇవతలికొచ్చి, "అక్కా, నీకే ముందు" అంది. నాకొద్దన్నాను. తను అటు వెళ్లాక రెండు తిన్నాను. తీయగా ఉన్నాయి, అదింకా మండింది.

తను ఎక్కణ్ణుంచి నేర్చింది ఈ మాటలన్నీ? ఏ పుస్తకమూ చదవలేదు. ఐదుగురు ఆడపిల్లల్లో నాలుగోది. వాళ్లింట్లో తన వంతు మాట్లాడటానికి వచ్చేసరికి అందరూ భోజనం ముగించి లేచిపోయేవాళ్లట. మా ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వారం ఎవరైనా ఊరికే "ఏం చెల్లీ" అన్నా అరగంట చెప్పేది. మాటల పుట్ట అని నేను పేరు పెడితే ఇంటిల్లిపాదీ అదే పిలుపు ఖాయం చేశారు. తను నవ్వింది. కానీ తనకి వినడం కూడా వచ్చు, ఆ సంగతి నేను ఆలస్యంగా కనిపెట్టాను. వచ్చినవాళ్లని "ఈ గుర్తే ఎందుకు?" అని అడుగుతుంది. వాళ్లు తమ కష్టం చెప్పుకుంటారు. ఆ కష్టాన్ని నెల తర్వాత ఇంకొకరికి అర్థంగా చెబుతుంది. ఒకరి కన్నీళ్లు ఇంకొకరికి ఓదార్పుగా అమ్ముతోందని మా ఆయనతో అన్నాను. "మంచిదేగా" అన్నాడు ఆయన.

ఒక్కసారి తనకి జ్వరమొస్తే గాజు బల్ల దగ్గర నేను నిలబడ్డాను. ఒకావిడ చెట్టు బిళ్ల చూపించి అర్థం ఏంటని అడిగింది. "చెట్టంటే చెట్టేనండీ. పైన కొమ్మలు, కింద వేళ్లు" అన్నాను. ఆవిడ మళ్లీ వస్తానని వెళ్లింది. నిజంగానే మళ్లీ వచ్చింది, చిన్నదాని జ్వరం తగ్గాక.

ఇవన్నీ ఒక ఎత్తు. నా అసలు మంట తన మెడలో ఉంది.

మా కొట్లో పనిచేసే ఆడవాళ్లు వేసుకునే గొలుసుకి కొక్కెం ఉండదు. మెడలో వేసి, రెండు కొసలూ కలిపి అక్కడికక్కడే టంకంతో అతికేస్తారు. ఇది అత్తయ్య పెట్టిన పద్ధతి. "రోజూ మన కళ్లముందు వంద గుర్తులు తిరుగుతాయి. కొక్కెం ఉంటే ఇవాళ దీని మీద మనసు పోతుంది, రేపు దాని మీద. అతుకుంటే ఆ బాధ లేదు" అనేది. ఎవరికి ఏ గుర్తన్నది ఆవిడే చూసి చెబుతుంది. ఆరు నెలల తేడాలో వచ్చిన మా ఇద్దరికీ రెండేళ్లు పని చూశాక, ఒకేరోజు గొలుసు వేసింది.

మెడ మీద అతుకు పెట్టడం సులువు కాదు. మెడ వెనక తోలు ముక్క, దాని మీద తడిగుడ్డ, గుడ్డ మీద బొగ్గుపలక. దాని మీదకి గొలుసు కొసలు లాగి ఊదుగొట్టంతో సన్నటి మంట ఊదాలి. వేడి గొలుసు వెంట పాకి బిళ్ల దాకా వస్తుంది, గీతల్లో నింపిన నలుపు చెడిపోతుంది. అందుకని బిళ్లని ముందే తడి బంకమట్టిలో ముద్దలా చుట్టేస్తారు. చల్లారాక కడిగితే లోపల బిళ్ల పువ్వులా బయటికొస్తుంది.

అలా కడిగినప్పుడు నా మెడలో ముడి వచ్చింది. తన మెడలో తామర.

అత్తయ్య నా వంక ఒక్క క్షణం చూసి, "బాగుంది" అంది. అంతే. అద్దంలో చూసుకున్నాను. మొదలూ చివరా తెలియకుండా తనలో తానే పెనవేసుకుపోయిన తాడు. తామరంటే బురదలోంచి లేచి బురద అంటకుండా విప్పుకునేది, ఆ మాత్రం నాకూ తెలుసు. మరి ముడంటే? కట్టిపడేయడం. ఈ పీటకి నన్ను కట్టేసి, ఆ పిల్లని విప్పి వీధివైపు నిలబెట్టిందని అనుకున్నాను. పని ఎక్కువ చేసేది నేను. ముందొచ్చింది నేను. అత్తయ్య చేతిపని మొత్తం నేర్చింది నేను. తామర మాత్రం తనకా? ఎందుకని అడగలేదు. నాకంత అవసరమా అనుకున్నాను. కానీ ఆ ప్రశ్న రాత్రీ పగలూ నాతోనే ఉంది. అప్పట్నుంచీ ముడిని జాకెట్టు లోపలికి తోసేసి, ఎవరికీ కనపడనివ్వలేదు. తామర బిళ్లలు చెక్కాల్సొచ్చిన ప్రతిసారీ రేకులు కొంచెం గట్టిగా కోసేదాన్ని.

ఇంకొకటి కూడా నాకు ముల్లులా గుచ్చుకునేది. వచ్చినవాళ్లకి అన్ని గుర్తులకీ అర్థం చెప్పే మా మాటల పుట్ట, ముడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది మా అక్కనడగండి" అనేసేది. నన్నెవరూ అడగరని తనకి తెలుసు. నా గుర్తుకి అర్థం కూడా దండగనుకుందని పళ్లు నూరుకున్నాను.

అలా ఇరవై రెండేళ్లు గడిచాయి.

పోయిన ఏడాది తనకి తల తిరగడం మొదలైంది. చెవిలో ఒకటే హోరు. రెండుసార్లు గాజు బల్ల పట్టుకుని కింద కూర్చుండిపోయింది. డాక్టరు తలకి స్కానింగు తీయాలన్నాడు. ఒంటి మీద లోహం ముక్క కూడా ఉండకూడదట. ఒక సోమవారం పొద్దున్న కొట్టు తెరవగానే తెర తోసుకుని వచ్చి నా ముందు చిన్న పీట వేసుకుని కూర్చుంది.

"అక్కా, గొలుసు కత్తిరించాలి."

మెడ వంచింది. నెరిసిన వెంట్రుకలు పక్కకి తీసి తీగ కత్తెరతో ఒక లంకె తెంచాను. టక్కుమంది. ఇరవై రెండేళ్లుగా నేను కళ్లలో నిప్పులు పోసుకున్న ఆ తామర జారి నా అరచేతిలో పడింది.

చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశాను. పువ్వు లేదు. ఒట్టి బిళ్ల. రేకులన్నీ అరిగిపోయి, మధ్యలో చిన్న గుంట. మాట్లాడేటప్పుడల్లా తను బొటనవేలితో దాన్ని రుద్దుతుంది. ఎన్ని వేల మందితో మాట్లాడిందో అన్ని వేలసార్లు రుద్దింది. అంచున ఒక్క రేకు కొన మాత్రం గోటి గీతలా మిగిలింది.

"ఏంటిది, తామర ఏదీ?" అన్నాను.

"అరిగిపోయింది. దూరం నుంచి నువ్వెప్పుడూ గమనించలేదు." కాసేపు నేల చూసింది. "అక్కా, అది నీదే."

"ఏది?"

"తామర. నీకని చేసింది అత్తయ్య. ముడి నాకని. రెండు ముద్దలూ తనే చుట్టి, పెద్ద ముద్ద పెద్దమ్మాయికి, చిన్న ముద్ద చిన్నమ్మాయికి అని గుర్తు పెట్టుకుని కిటికీలో పెట్టింది. నన్ను చూస్తూ ఉండమని కుంపటి రాజెయ్యడానికి వెళ్లింది. ఎండకి నా ముద్ద పగుళ్లిచ్చింది. పగిలితే వేడి లోపలికి పోతుందని మళ్లీ తడిపి మట్టి పూశాను. భయంకొద్దీ బోలెడు పూశాను. అదే పెద్దదైపోయింది."

కత్తెర చేతిలోనే పట్టుకుని తనవైపు తిరిగాను.

"ముందు నిన్ను కూర్చోబెట్టింది. పెద్ద ముద్ద తీసి నీ మెడలో వేసింది. నీ మెడ వెనక తడిగుడ్డ పట్టుకున్నది నేనే అక్కా. నాకు అప్పుడే తెలిసిపోయింది. ఇంకా మంట కూడా ఊదలేదు. నోరు తెరిచి ఒక్క మాటంటే అయిపోయేది."

"మరెందుకు అనలేదే?" నా గొంతు వీధిలోకి వినపడి ఉంటుంది.

"నాకూ కావాలనిపించింది. పని నీకే చెప్పేది, నీ చేతినే మెచ్చుకునేది. తామర కూడా నీకే పోతుంటే..." తను ఏడ్చింది. "ఇప్పుడు లోపల ఏముందో ఏమో. స్కానింగులో ఏం బయటపడుతుందో. ఇది పెట్టుకుని వెళ్లలేనక్కా."

పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మాట్లాడే మనిషి, మాట్లాడాల్సిన ఒక్కసారి నోరు మూసుకుంది! నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చేతిలో కత్తెరుందని పక్కన పెట్టేశాను. అంత కోపంలోనూ నేను పొంగిపోయాను, అదీ దాచను. నాదే! తామర నాదే! నేను అసూయపడింది నా సొత్తుకే!

తను మరిదితో ఆసుపత్రికి వెళ్లగానే నేను ఆ బిళ్ల పట్టుకుని అత్తయ్య స్టూలు దగ్గరికి వెళ్లాను. ఆవిడకి డెబ్భై ఆరు. చేతులు వణుకుతాయి కానీ కళ్లు వణకవు.

"అత్తయ్యా, తామర నాకనుకున్నారా?"

"అనుకున్నాను."

"కడిగిన రోజే మీకు తెలిసిందా?"

"తెలీకేం."

"మరి మార్చలేదేం?"

"నువ్వు అడగలేదు. అదీ అడగలేదు. ఇద్దరికీ నచ్చిందేమోలే అనుకున్నాను."

ఇరవై రెండేళ్లు లోపల దాచుకున్న ప్రశ్న అప్పటికి అడిగాను. "నాకు తామరెందుకు అనుకున్నారు? పని బాగా చేస్తాననా?"

అత్తయ్య బోసినోటితో నవ్వింది. "నీకు ముక్కు మీద కోపం కదే పెద్దమ్మాయ్. నీళ్లలో ఉండే పువ్వు, కాస్త చల్లబడతావేమోనని. దానికి ముడెందుకంటావా, ఆ నోరు కాస్త కట్టుపడుతుందేమోనని."

అదీ సంగతి! నేను బిరుదనుకున్నది మందు. అది కూడా నాకు పడలేదు, తనకీ పడలేదు. ఏడవాలో నవ్వాలో తెలియక పీట దగ్గరికొచ్చి కుంపటి ఊదుకున్నాను.

సాయంత్రం తను తిరిగొచ్చింది. తలలో ఏమీ లేదు, లోపలి చెవిలో ఏదో వాపట, మందులు వేసుకుంటే తగ్గుతుందట. వాకిట్లో తనని చూడగానే ఊదుగొట్టం వదిలేసి లేచి నిలబడ్డాను. పొద్దుటి నుంచీ దేనికి భయపడుతున్నానో అప్పుడు తెలిసింది. కానీ "వచ్చావా, మందులేసుకో" అని మాత్రం అన్నాను. కోపం తగ్గలేదు మరి.

మర్నాడు నా గొలుసు కూడా కత్తిరించాను. ముడి బయటికొచ్చింది. ఎవరూ ముట్టక, వెలుతురు చూడక, నిన్న చెక్కినట్టుంది. గీత గీతలో నలుపు అలాగే ఉంది. దాన్ని మట్టిలో చుట్టి, తనని కూర్చోబెట్టి, నేనే ఊదుగొట్టం పట్టి తన మెడకి అతికాను. "నీది నీకు, నాది నాకు" అన్నాను. తను తలూపింది.

తామర నేను వేసుకున్నాను. మళ్లీ రేకులు చెక్కుకోవచ్చు, ఒక్కరోజు పని. ఉలి పెట్టి తీశాను, పెట్టి తీశాను. ఆ గుంట చెరపడానికి చెయ్యి రాలేదు. నా మెడ వెనక నేనే అతుకు పెట్టుకోలేను, అత్తయ్య చెయ్యి వణుకుతుంది, మా ఆయనకి పెద్ద మంటే గానీ సన్న మంట రాదు. ప్రస్తుతానికని కొక్కెం పెట్టుకున్నాను. మా కొట్లో కొక్కెం గొలుసు వేసుకున్న మొదటి ఆడదాన్ని నేనే. అత్తయ్య దాన్ని చూసి, వెళ్లి తన స్టూలు మీద కూర్చుంది.

వారం బాగానే ఉన్నాను. జాకెట్టు బయటికి వేసుకుని, రెండుసార్లు పనిలేకపోయినా గాజు బల్ల దాకా వెళ్లొచ్చాను. ఒకాయన అడిగాడు, మెడలో ఆ బొత్తాం ఏంటమ్మా అని. తామరండీ అన్నాను. ఆయన వంగి చూసి, మర్యాదకి తలూపాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం తెర అవతల ఎవరో నడివయసు ఆవిడ గొంతు. "ఇదేదో కొత్తగా వేసుకున్నారే. ముడా? దీనికేం అర్థం?"

నేను ఉలి ఆపేశాను. "మా అక్కనడగండి" అంటుందని ఎదురుచూశాను.

అనలేదు. తన గొంతు ఎప్పటికంటే నెమ్మదిగా వినిపించింది. "ఒకరికి చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండా దాచుకున్నానండీ. ఇరవై రెండేళ్లు గొంతుకి అడ్డం పడి ఉంది. మొన్న చెప్పేశాను. లోపలున్న ముడి బయటికొచ్చింది కదా, బయటే వేసుకున్నాను. ఆమే తన చేత్తో వేసింది."

ఆవిడ సంచీ గాజు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆపైన, "నాకూ అలాంటి మాట ఒకటుందమ్మా. మా చెల్లెలికి చెప్పాలి. నాకూ ఇదే చేయించు" అంది.

నా ముడి! ఇరవై రెండేళ్లు నా ఒంటి మీద ఉంది. అడగని మాట ఒకటి నా గొంతులోనూ అడ్డంగానే ఉంది. ఈ అర్థం నాకెందుకు తట్టలేదు? దాన్ని ఎవరికీ చూపకుండా తోసిపారేశానే, తనకి వారంలో పలికిందే! నాకది వెనక్కి కావాలనిపించింది. ఈ బొత్తాం ఎవడిక్కావాలి, నా ముడి నాక్కావాలి. చెయ్యి దానంతటదే మెడ వెనక కొక్కెం మీదకి పోయింది.

తలెత్తితే స్టూలు మీద అత్తయ్య నావైపే చూస్తోంది. నవ్వడం లేదు, కోప్పడటం లేదు, ఊరికే చూస్తోంది.

చెయ్యి దించాను. దించేటప్పుడు బొటనవేలు బిళ్ల మీద ఆనింది. ఆ గుంటలో అది సరిగ్గా పట్టింది. తన వేలు, నా వేలు ఒకే లావని నాకు అంతవరకూ తెలీదు. కళ్లలో నీళ్లు తిరిగి ముందున్న వెండి రేకు కనపడలేదు. మోచేత్తో తుడుచుకుని కొత్త రేకు ముక్క తీసి చెక్కడానికి లక్కలో బిగించాను.

"చిన్నమ్మాయ్!" అని తెర మీంచి గట్టిగా అరిచాను. "ముడైతే పదిహేను రోజులు పడుతుందని చెప్పు!"

అది నాలుగు రోజుల పని. తనకీ తెలుసు.

"అలాగేలే అక్కా, చెబుతాను" అంది.